ఓబీఎస్ స్టూడియో రివ్యూ: ఫ్రేమ్స్ ఎక్కడ పోతున్నయో లెక్క చెప్పే సాఫ్ట్‌వేర్

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట దిక్కు గేమ్ వీడియోలు చేసే పిల్లలు ఇప్పుడు మస్తు మంది అయిన్రు. అందరిదీ దాదాపు ఒక్కటే బాధ, గేమ్ ఒక్కటే ఆడితే మంచిగనే నడుస్తది, రికార్డ్ నొక్కంగనే లేకుంటే లైవ్‌కి పోంగనే వీడియో ఆగి ఆగి వస్తది. దానికి చుట్టుపక్కలోళ్లు చెప్పే మందు కూడ ఒక్కటే, "గ్రాఫిక్స్ కార్డు మార్చు". ఇరవై ముప్పై వేలు పెట్టి కార్డు మార్చినంక కూడ అదే తడబాటు వస్తే ఆ పిల్లల మొఖం చూడబుద్ధి కాదు. పీసీల గేమ్‌ను రికార్డ్ చేసే, లైవ్ పంపే ఓబీఎస్ స్టూడియో గురించి ఇంత పొడుగు రాస్తున్నది అందుకే. రికార్డింగ్, స్ట్రీమింగ్ వేరే సాఫ్ట్‌వేర్లల్ల కూడ అయితది, కానీ పోయిన ఫ్రేమ్ (అంటే వీడియోల ఒక్కో బొమ్మ) ఏ జాగల పోయిందో, ఎన్ని పోయినయో విడివిడిగ లెక్క తీసి ముందట పెట్టేది నేను వాడిన వాట్లల్ల ఇదొక్కటే, అదీ ఒక్క రూపాయి తీస్కోకుండ.

ముందు మామూలు సంగతులు చెప్పేస్త. ఇది ఓపెన్ సోర్స్, వాటర్‌మార్క్ పడదు, టైమ్ లిమిట్ లేదు, ప్రో వెర్షన్ కొనమని మధ్యల అడ్డం రాదు. 2012ల జిమ్ బెయిలీ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టిండు, ఇప్పుడు మస్తు మంది కలిసి కోడ్ రాస్తున్నరు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడిట్ల నడుస్తది. డౌన్‌లోడ్ మాత్రం ఓబీఎస్ ప్రాజెక్ట్ వాళ్ల సొంత సైట్ నుంచో, స్టీమ్ నుంచో, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచో చేస్కోండి. సెర్చ్ చేస్తే అన్నిటికంటె పైన యాడ్ అని వచ్చే లింకు నొక్కకండి, ఓబీఎస్ పేరు మీద వైరస్ ఎక్కించే నకిలీ సైట్లు ఆ యాడ్లల్లనే వచ్చినయి ఇంతకుముందు.

ఇగ అసలు విషయం. ఓబీఎస్ ఓపెన్ చేసి వ్యూ మెనూలకు పోతే స్టాట్స్ అని ఉంటది. డాక్స్ మెనూల కూడ ఉంటది, అక్కడికెల్లి పెట్టుకుంటే అది ఓబీఎస్ కిటికీకే అతుక్కొని ఉంటది, నేను అట్లనే పెట్టిస్త అందరికీ. దాన్ల మూడు లెక్కలు చూడాలె. ఒకటి రెండరింగ్ ల్యాగ్ వల్ల మిస్ అయిన ఫ్రేమ్స్, రెండోది ఎన్‌కోడింగ్ ల్యాగ్ వల్ల స్కిప్ అయిన ఫ్రేమ్స్, మూడోది నెట్‌వర్క్ వల్ల డ్రాప్ అయిన ఫ్రేమ్స్. మనోళ్లు మూడిటినీ కలిపి "ల్యాగ్ వస్తుంది" అంటరు, కానీ ఈ మూడిట్ల ఒక్కోదానికి కారణం వేరు, మందు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే తగ్గదు సరికదా ఒక్కోసారి ఇంకింత ఎక్కువైతది.

మిర్యాలగూడ మనిషికి చెప్పినట్టు చెప్త. వడ్లు మిల్లు కాడికి రాకపోవుడు ఒక సమస్య, వచ్చిన వడ్లు మిల్లు ఆడలేక గుట్ట పడుడు ఇంకో సమస్య, బియ్యం తయారైనా లారీ దొరకక గోడౌన్‌ల ఆగుడు మూడోది. గ్రాఫిక్స్ కార్డు గేమ్ బొమ్మను, మీ కెమెరాను, అక్షరాలను అన్నిటినీ ఒక్క ఫ్రేమ్‌గ కలపలేకపోతే అది రెండరింగ్ ల్యాగ్. కలిపిన ఫ్రేమ్‌ను వీడియోగ కుదించే పని ఆలస్యమైతే ఎన్‌కోడింగ్ ల్యాగ్. కుదించినంక యూట్యూబ్‌కో ట్విచ్‌కో పంపే తొవ్వ ఇరుకైతే నెట్‌వర్క్ డ్రాప్. లారీ దొరకనప్పుడు మిల్లు మార్చి లాభం ఏముంది?

ఇంకో సులువు పరీక్ష కూడ ఉంది. లైవ్ పోతున్నప్పుడు పక్కకు రికార్డింగ్ కూడ పెట్టండి. రికార్డింగ్ ఫైల్ శుభ్రంగ ఉండి లైవ్ ఒక్కటే ఆగుతుంటే అది నెట్ సమస్యే, పీసీని ముట్టుకోకండి. రెండూ ఆగుతుంటే పీసీ లోపలనే ఉంది.

మా బాబాయ్ కొడుకు రామగిరిల ఉంటడు, జీటీఏ ఫైవ్ వీడియోలు చేస్తడు. "అక్కా, ఎన్‌కోడింగ్ ఓవర్‌లోడెడ్ అని కింద వస్తుందే, కార్డు మార్చాల్నా" అని ఫోన్ చేసిండు. "పైసల మాట తర్వాత, ముందు స్టాట్స్ తెరిచి ఫోటో కొట్టి పంపు" అన్న. చూస్తే రెండరింగ్ ల్యాగ్ సున్నకు దగ్గర, ఎన్‌కోడింగ్ దిక్కు మాత్రం వచ్చే ఫ్రేమ్స్‌ల మూడో వంతు పోతున్నయి. వాని పీసీ ఐ3 10100ఎఫ్, కార్డు జీటీ 1030. ఈ రెండిటి జోడి మా దిక్కు చాన మంది దగ్గర ఉంది, తక్కువల గేమింగ్ పీసీ అంటే షాపుల ఇదే కట్టిస్తరు, గేమ్ వరకు తప్పులేదు కూడ. రికార్డింగ్‌కు వచ్చేసరికి మాత్రం ఇంతకంటె కష్టమైన జోడి లేదు, ఎందుకో చెప్త జర ఓపిక పట్టండి, ఈ రివ్యూల అన్నిటికంటె పనికొచ్చే ముచ్చట ఇదే అనుకుంటున్న.

వీడియో కుదించే పని రెండు తీర్ల అయితది. ఒకటి ఎక్స్264 అని సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్, ఇది పూర్తిగ ప్రాసెసర్ మీద పడ్తది, అదే ప్రాసెసర్ గేమ్‌ను కూడ నడపాలె కాబట్టి రెండూ కొట్లాడుకుంటయి. రెండోది హార్డ్‌వేర్ ఎన్‌కోడర్, అంటే వీడియో కుదించుడు కోసమే చిప్ల విడిగ ఒక భాగం ఉంటది, గేమ్‌ను పెద్దగ ముట్టుకోదు. ఎన్విడియా కార్డుల దాని పేరు ఎన్వెంక్, ఇంటెల్ ప్రాసెసర్ల గ్రాఫిక్స్‌ల ఉండేది క్విక్ సింక్, ఏఎండీ దాన్ని ఓబీఎస్‌ల ఏఎంఎఫ్ అంటరు. ఇప్పుడు మా తమ్ముని పీసీ చూడండి. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉన్నదంటే లోపల గ్రాఫిక్స్ లేనట్టు, గ్రాఫిక్స్ లేదంటే క్విక్ సింక్ లేనట్టు. 9400ఎఫ్, 10400ఎఫ్, 12400ఎఫ్ అన్నీ ఇంతే. పాయె, కార్డుల ఎన్వెంక్ ఉంటదేమో అంటే జీటీ 1030ల ఎన్విడియా ఆ భాగమే పెట్టలే. అంటే రెండు దిక్కులా హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ లేదు, నాలుగు కోర్ల ఐ3 మీదనే జీటీఏ, దాని మీదనే ఎక్స్264, అదీ 1080పీ 60 ఫ్రేమ్స్‌తోని. ఎట్ల మోస్తది?

కార్డు మార్చకుండ ఏం చేసినమంటే, సెట్టింగ్స్‌ల వీడియో అనే దాంట్లకు పోయి అవుట్‌పుట్ రిజల్యూషన్ 1280 బై 720 పెట్టినం, ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు ఫ్రేమ్స్, 30 చేసినం. పిక్సిళ్ల లెక్కన చూస్తే ఒక్కో ఫ్రేమ్ సగం కంటె తక్కువైంది, ఫ్రేమ్స్ సగమైనయి, అంటే ఎన్‌కోడర్ పని నాలుగో వంతు లోపలికి వచ్చింది. ప్రీసెట్ (ఎన్‌కోడర్‌కు ముందే కట్టి పెట్టిన సెట్టింగ్) వెరీఫాస్ట్ ఉంటది మామూలుగ, దాన్ని సూపర్‌ఫాస్ట్ చేసినం. ఈ ప్రీసెట్ల పేర్లు చూసి చాన మంది ఉల్టా అర్థం చేస్కుంటరు, స్లో దిక్కు పోయినా కొద్ది బొమ్మ మంచిగ వస్తది కానీ ప్రాసెసర్ మీద బరువు పెరుగుతది, ఫాస్ట్ దిక్కు పోతే బరువు తగ్గుతది, బొమ్మ కొంచెం చెడ్తది. గేమ్ లోపల ఫ్రేమ్ రేట్‌కు హద్దు పెట్టినం. ఇంతే, ఎన్‌కోడింగ్ దిక్కు లెక్క సున్నకు వచ్చింది. చెట్లు, గడ్డి ఉన్న జాగల్ల బండి స్పీడ్‌గ పోతే బొమ్మ జర మసక అయితది నిజమే, కానీ ఆగుడు లేదు, ఫోన్ల చూసేటోళ్లకు ఆ తేడా కూడ పెద్దగ తెల్వదు. కొన్ని నెలలైనంక వాడు సికింద్రాబాద్‌ల కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పోయి సెకండ్ హ్యాండ్ల 1650 సూపర్ తెచ్చుకున్నడు, ఇప్పుడు ఎన్వెంక్ పెట్టుకొని 1080పీ చేస్తున్నడు.

కార్డు కొనేటోళ్లు ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. జీటీఎక్స్ 1650కి, 1650 సూపర్‌కి పేరుల ఒక్క మాటే తేడా కానీ ఎన్వెంక్ తరం వేరు, మామూలు 1650లల్ల చాన వాట్ల ముందు తరందే పెట్టిన్రు, సూపర్ల 20 సిరీస్‌ల వచ్చిన కొత్తది ఉంది, తక్కువ బిట్‌రేట్‌ల (సెకనుకు పోయే వీడియో డేటా లెక్క) కూడ బొమ్మ నీటుగ ఇస్తది. మామూలు 1650 పనికిరాదని కాదు, ఫ్రేమ్స్ ఆగకుండ చేస్తది అది కూడ. ఏఎండీ దిక్కు ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ కొనేముందు మాత్రం ఆగండి, ఆ రెండిట్ల వీడియో ఎన్‌కోడరే లేదు, గేమ్ ఆడనీకి సరిపోతయి కానీ రికార్డింగ్ చేసేటోళ్లకు వద్దు. షాపుల అడిగితే ఎన్ని జీబీ అని చెప్తరు కానీ ఎన్‌కోడర్ ఉందా లేదా అన్నది చెప్పేటోళ్లు నాకు ఒక్కరూ దొరకలే, మీరే అడగాలె, ఎన్విడియా వాళ్ల సైట్ల ఏ కార్డుల ఎన్వెంక్ ఉందో పెద్ద పట్టిక ఉంటది, ఫోన్ల తెరిచి పెట్టుకొని పోండి.

ఎన్వెంక్ ఉంది కదా అని అన్నీ పైకి పెట్టినా కష్టమే. ఓబీఎస్‌ల దానికి పీ1 నుంచి పీ7 దాక ప్రీసెట్లు ఉంటయి, పీ7 అంటే అన్నిటికంటె మంచి బొమ్మ, అన్నిటికంటె ఎక్కువ బరువు. పాత కార్డుల మీద పీ7 పెట్టి, మల్టీపాస్ ఫుల్ రిజల్యూషన్ పెట్టి, లుక్ అహెడ్ కూడ ఆన్ చేస్తే ఎన్వెంక్ కూడ ఓవర్‌లోడ్ అయితది. పీ4 గానీ పీ5 గానీ చాలు, లుక్ అహెడ్ ఆపేయండి. ఇంకో సంగతి చాన మందికి తెల్వదు. లైవ్, రికార్డింగ్ రెండూ ఒకేసారి పెట్టి రికార్డింగ్‌కు వేరే క్వాలిటీ ఎంచుకుంటే రెండు ఎన్‌కోడర్లు ఒకేసారి నడుస్తయి. సింపుల్ మోడ్ల రికార్డింగ్ క్వాలిటీ దగ్గర "సేమ్ యాజ్ స్ట్రీమ్" పెడితే ఒక్క ఎన్‌కోడరే రెండిటికీ సరిపోతది, బలం తక్కువ ఉన్న పీసీల అదే పెట్టుకోండి. కాకపోతే అప్పుడు రికార్డింగ్ కూడ లైవ్ బిట్‌రేట్‌లనే వస్తది కాబట్టి బొమ్మ లైవ్ అంతనే ఉంటది.

రెండరింగ్ ల్యాగ్ సంగతి దీనికి పూర్తిగ ఉల్టా, ఇది పెద్ద కార్డులున్న పీసీలల్లనే ఎక్కువ చూసిన. వాలరెంట్ గానీ కౌంటర్ స్ట్రైక్ గానీ హద్దు లేకుండ వదిలిపెడితే గేమ్ 200, 300 ఫ్రేమ్స్ కొడ్తది, కార్డు 99 శాతం దాని మీదనే ఉంటది, ఓబీఎస్ అడిగే కొంచెం జాగ కూడ మిగలదు. 60 ఫ్రేమ్స్‌తోని రికార్డ్ చేస్తే ఒక్కో ఫ్రేమ్ 16.6 మిల్లీ సెకండ్ల లోపల తయారు కావాలె, స్టాట్స్‌ల "యావరేజ్ టైమ్ టు రెండర్ ఫ్రేమ్" అని ఒక లైన్ ఉంటది, అది ఈ హద్దుకు దగ్గరికి వచ్చిందంటే ఫ్రేమ్స్ పోవుడు మొదలైతది. ఇక్కడ ఎన్‌కోడర్ ప్రీసెట్ ఎంత మార్చినా పెద్దగ లాభం ఉండదు. ఇంకా పెద్ద కార్డు తెచ్చినా గేమ్ ఆ కార్డును కూడ మొత్తం తినేస్తది.

దీనికి మందు గేమ్‌కు కళ్లెం వేసుడే. గేమ్ సెట్టింగ్స్‌లనే ఎఫ్‌పీఎస్ లిమిట్ ఉంటది, లేకుంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ల మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ ఉంటది, లేకుంటే రివాట్యూనర్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవచ్చు. మానిటర్ 144 హెర్ట్జ్ అయితే 140 దగ్గర కట్టేసినా కార్డు మీద ఎంత జాగ మిగులుతదో మీరే చూడండి, అప్పటికీ నిండుగ ఉంటే ఇంకా కిందికి దించండి. తర్వాత ఓబీఎస్‌ను రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వండి, అప్పుడు విండోస్ కార్డు టైమ్ల ఓబీఎస్‌కు ముందు వరుస ఇస్తది. ఈ ఒక్క పనితోని బాగైన పీసీలు చాన చూసిన, ఇంత అవసరమైనదాన్ని ఓబీఎస్ వాళ్లు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. రికార్డింగ్ నడిచేటప్పుడు ప్రివ్యూ మీద రైట్ క్లిక్ చేసి ప్రివ్యూ ఆపేస్తే ఇంకింత తగ్గుతది. సీన్ల అలర్ట్ బాక్సులు, కదిలే ఫ్రేములు, వెనుక తిరిగే వీడియోలు పెట్టుకుంటరు పిల్లలు, వెబ్ పేజీని సీన్ల చూపించే ఒక్కో బ్రౌజర్ సోర్స్ అంటే లోపల ఒక బ్రౌజర్ నడుస్తున్నట్టే, కనబడకున్నా బరువు ఉంటది, అవసరం లేనివి తీసేయండి. గేమ్‌కు డిస్‌ప్లే క్యాప్చర్ కాకుండ గేమ్ క్యాప్చర్ వాడండి. విండోస్ సెట్టింగ్స్‌ల గేమింగ్, క్యాప్చర్స్ దగ్గర బ్యాక్‌గ్రౌండ్ రికార్డింగ్ ఆన్‌ల ఉంటే అది కూడ ఆపండి, లేకుంటే విండోస్ ఒక దిక్కు, ఓబీఎస్ ఒక దిక్కు ఒకే గేమ్‌ను రెండుసార్లు రికార్డ్ చేస్తుంటయి.

ఇప్పుడు మా దిక్కు ప్రత్యేకంగ ఉండే సమస్య, ఎండ. నల్లగొండ ఎండాకాలం గురించి కొత్తగ చెప్పేదేముంది, రాష్ట్రంల ఎక్కువ ఎండ కొట్టే జిల్లాలల్ల మాది ఎప్పుడూ ఉంటది, 44 డిగ్రీలు మామూలే. మిర్యాలగూడల ఉండే మా బావ దగ్గర ఆర్‌టీఎక్స్ 3050 ఉన్న ల్యాప్‌టాప్ ఉంది. "మొదలు మంచిగనే వస్తది, అర్ధగంట అయినంక ఆగుడు మొదలైతది, ఓబీఎస్ పాడైంది" అన్నడు. "బావా, ఓబీఎస్ పాడైతే మొదటి నిమిషంల కూడ ఆగాలె కదా" అన్న. అర్ధగంట తర్వాత మొదలయ్యేది ఏదైనా ముందు వేడి మీదనే అనుమానం పెట్టుకోవాలె. ప్రాసెసర్ 95, 100 డిగ్రీల దాక పోతే తనను తాను కాపాడుకునేందుకు స్పీడ్ తగ్గించుకుంటది, దాన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటరు, అప్పుడు ఎన్‌కోడింగ్ ల్యాగ్, రెండరింగ్ ల్యాగ్ రెండూ కలిసి పెరుగుతయి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే థ్రాట్లింగ్ లైన్ల ఎస్ అని వచ్చింది. ఇల్లు రైస్ మిల్లులకు దగ్గర, ఊక దుమ్ము ఫ్యాన్‌ల గడ్డకట్టి ఉంది, తీసి క్లీన్ చేయించి థర్మల్ పేస్ట్ మార్పించినంక సమస్య పోయింది. ల్యాప్‌టాపోళ్లు ఇంకోటి, ఛార్జర్ పెట్టకుండ రికార్డ్ చేయకండి, బ్యాటరీ మీద కార్డు పూర్తి బలంతోని పనిచేయదు. ల్యాప్‌టాప్‌ల ఓబీఎస్ స్క్రీన్ నల్లగ వస్తే విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌ల గ్రాఫిక్స్ దగ్గర ఓబీఎస్‌ను గేమ్ ఏ చిప్ మీద నడుస్తుందో అదే చిప్ మీద పెట్టండి.

స్టాట్స్ కిటికీ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇక్కడే ఉంది. దాన్ల సీపీయూ వాడకం చూపిస్తది, అదీ ఓబీఎస్ వాడేది మటుకే. గ్రాఫిక్స్ కార్డు ఎంత నిండిందో చూపియ్యదు, వేడి చూపియ్యదు. రెండరింగ్ ల్యాగ్ వస్తుందని చెప్పే సాఫ్ట్‌వేర్ కార్డు 99 శాతం ఉందని కూడ పక్కన ఒక లైన్ రాస్తే కొత్తోళ్లకు ఎంత సులువైతుండె. ఇప్పుడైతే పక్కన టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకోవాల్సిందే.

నెట్‌వర్క్ డ్రాప్స్ దగ్గర ఎక్కువ చెప్పేది లేదు. సూర్యాపేటల ఒక దోస్తు "నాది 100 ఎంబీపీఎస్ ప్లాన్, అయినా లైవ్ ఆగుతుంది" అన్నడు. స్పీడ్ టెస్ట్ల డౌన్‌లోడ్ కాదు అప్‌లోడ్ చూడాలె, వాని అప్‌లోడ్ రాత్రి పూట మస్తు కిందికి పోతుండె. బిట్‌రేట్ ఎప్పుడైనా నిలకడగ వచ్చే అప్‌లోడ్ల ముప్పావు వంతు దాటకుండ పెట్టుకోండి. ట్విచ్‌ల 1080పీ 60కి వాళ్లే 6000 కేబీపీఎస్ చెప్తరు, అంత రాకపోతే 720పీకి దిగి తక్కువల పెట్టుకోండి, కీఫ్రేమ్ ఇంటర్వెల్ (పూర్తి బొమ్మ ఎంత సేపటికొకసారి పంపాలె అన్నది) 2 సెకండ్లు. వైఫై కాకుండ రౌటర్ నుంచి ల్యాన్ వైర్ గుంజండి, సగం సమస్యలు వైర్‌తోనే పోతయి. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌ల బిట్‌రేట్‌ను తనంతట తాను తగ్గించుకునే ఆప్షన్ ఒకటి ఉంది, డైనమిక్ బిట్‌రేట్ అంటరు, మన దిక్కు నెట్‌కు అది ఆన్ చేసి పెట్టుకునుడే మంచిది, బొమ్మ కాసేపు మసకైతది కానీ లైవ్ తెగదు.

కరెంట్ సంగతి కూడ చెప్పాలె. ఎంపీ4ల రికార్డ్ చేస్తుంటే మధ్యల కరెంట్ పోయిందంటే ఆ ఫైల్ మామూలుగ తెరుచుకోదు, ఎందుకంటే ఫైల్‌కు కావాల్సిన సూచిక అంతా చివరికి రాస్తది. ఎంకేవీల రికార్డ్ చేస్తే కరెంట్ పోయిన క్షణం దాక ఉన్నది భద్రంగ ఉంటది. ఎడిటింగ్‌కు ఎంపీ4 కావాలంటే ఫైల్ మెనూల రీమక్స్ రికార్డింగ్స్ అని ఉంది, క్వాలిటీ ఒక్క చుక్క కూడ తగ్గకుండ కొద్ది సేపట్ల మార్చిస్తది. 2024ల వచ్చిన 30.2 వెర్షన్ నుంచి హైబ్రిడ్ ఎంపీ4 కూడ ఇచ్చిన్రు, అది కూడ మధ్యల ఆగినా ఫైల్‌ను కాపాడుతది. ఇన్వర్టర్ ఉన్నా కరెంట్ మారే ఆ కొంచెం సేపట్ల పీసీ రీస్టార్ట్ అయ్యే ఇండ్లు చాన ఉన్నయి, చిన్న యూపీఎస్ పెట్టి రౌటర్‌ను కూడ దానికే పెట్టుకోండి.

రికార్డింగ్ ఒక్కటే చేసేటోళ్లు బిట్‌రేట్ ఫిక్స్ చేయకుండ రేట్ కంట్రోల్ దగ్గర సీక్యూపీ (బిట్‌రేట్ కాకుండ బొమ్మ క్వాలిటీకి అంకె పెట్టే పద్ధతి) పెట్టుకోండి, 20 నుంచి 23 మధ్య పెడితే సరిపోతది, అంకె తగ్గినా కొద్ది బొమ్మ మంచిగ వస్తది, ఫైల్ పెరుగుతది. ఫైల్ సైజ్ అంచనా కావాలంటే 6000 కేబీపీఎస్ అంటే గంటకు 2.7 జీబీ, 40 ఎంబీపీఎస్ అంటే గంటకు 18 జీబీ. 40 ఎంబీపీఎస్ అన్నా సెకనుకు 5 మెగాబైట్లే, పాత హార్డ్ డిస్క్ కూడ రాయగలదు, కానీ విండోస్, గేమ్, రికార్డింగ్ మూడూ ఒకే హార్డ్ డిస్క్ మీద ఉంటే మాత్రం గేమే ఆగుతది. ఎస్‌ఎస్‌డీ మీద విండోస్, గేమ్ పెట్టి, రికార్డింగ్ హార్డ్ డిస్క్ మీదికి పంపండి.

మూడు లెక్కలూ సున్న ఉన్నా వీడియో తడబడుతుందా? అప్పుడు ఓబీఎస్ తప్పు లేదు, గేమే నిలకడగ లేదు. గేమ్ 40కి 55కి మధ్య ఎగిరిపడుతుంటే ఓబీఎస్ 60 తోని రికార్డ్ చేసినా కొన్ని ఫ్రేమ్స్ రెండుసార్లు వస్తయి, కంటికి అదే తడబాటు లెక్క కనిపిస్తది. గ్రాఫిక్స్ తగ్గించి గేమ్‌ను ఒక అంకె దగ్గర నిలబెట్టండి, రికార్డింగ్ కూడ 30 పెట్టండి. రైజెన్ 5600జీ, 3200జీ లాంటి కార్డు లేని పీసీల ర్యామ్ ఒకటే స్టిక్ ఉంటే రెండోది వేయండి, ఆ గ్రాఫిక్స్ ర్యామ్ మీదనే బతుకుతది కాబట్టి రెండు స్టిక్కులకు తేడా బాగ తెలుస్తది. బొమ్మ పగిలిపోవుడు, గడులు గడులు అవుడు మాత్రం ఫ్రేమ్ డ్రాప్ కాదు, బిట్‌రేట్ తక్కువైంది అంతే.

వేరేవాటితోని పోలిస్తే, ఎన్విడియా వాళ్ల సొంత రికార్డర్ ఒక్క గేమ్‌ను రికార్డ్ చేయనీకి ఓబీఎస్ కంటె సులువు, సెట్టింగ్స్ జోలికి పోని వాళ్లకు అదే చెప్త. విండోస్ గేమ్ బార్ కూడ చిన్న క్లిప్పులకు పర్వాలేదు. కానీ వాట్ల ఫ్రేమ్ పోతే ఎందుకు పోయిందో తెలుసుకునే తొవ్వ లేదు, గొంతు ఒక ట్రాక్, గేమ్ సౌండ్ ఒక ట్రాక్, డిస్కార్డ్ ఒక ట్రాక్ అని విడదీసుకునే వీలు ఓబీఎస్‌ల ఉన్నంత లేదు. స్ట్రీమ్‌ల్యాబ్స్ డెస్క్‌టాప్ ఓబీఎస్ కోడ్ మీదనే కట్టిందే, చూడనీకి రంగురంగులుగ ఉంటది కానీ బరువు ఎక్కువ, 8 జీబీ ర్యామ్ పీసీల నేనైతే పెట్టను.

ఓబీఎస్ కష్టం ఏందంటే మొదటిసారి తెరిస్తే నల్ల స్క్రీన్ తప్ప ఏం ఉండదు. సీన్ అంటే ఏంది, సోర్స్ అంటే ఏంది అని ఎవ్వరూ కూసోబెట్టి చెప్పరు. టూల్స్‌ల ఆటో కాన్ఫిగరేషన్ విజార్డ్ ఉంది, మొదలుపెట్టనీకి మంచిదే, కానీ అది గేమ్ నడవనప్పుడు పరీక్ష చేస్తది కాబట్టి దాని మాట పూర్తిగ పట్టుకోకండి, గేమ్ ఆన్ చేసి స్టాట్స్ చూసినంకనే సెట్టింగ్స్ ఖాయం చేయండి. ఇంకా దొరకకపోతే హెల్ప్ మెనూల లాగ్ ఫైల్స్ దగ్గర అప్‌లోడ్ చేస్తే వాళ్ల అనలైజర్ పేజీ ఫైల్ చదివి తప్పులు చూపిస్తది. ఓబీఎస్ అడ్మిన్‌గ నడవలేదు, ఎన్‌కోడింగ్ల ఇంత శాతం పోయింది అని లైన్ లైన్‌గ వస్తది. ఇంగ్లీషులనే వస్తది కానీ పిల్లలకు అర్థమయ్యే ఇంగ్లీషే. రికార్డింగ్ కనీసం కొన్ని నిమిషాలు నడిపి ఆపినంకనే లాగ్ పంపండి, ఉట్టిగ తెరిచి పంపితే దాన్ల చదవనీకి ఏం ఉండదు.

ఐదుకు నాలుగున్నర ఇస్త. అర పాయింట్ తగ్గించింది కార్డు వాడకం, వేడి చూపియ్యనందుకు, అడ్మిన్ సంగతి దాచిపెట్టినట్టు ఉంచినందుకు. విండోస్ 7 మీద ఉన్నోళ్లు ఒక్కటి చూస్కోండి, 2022ల వచ్చిన 28 వెర్షన్ నుంచి ఓబీఎస్ విండోస్ 7ల, 8ల నడవదు, మీకు 27.2.4 దాకనే, అది పాత రిలీజుల పేజీల ఇప్పటికీ దొరుకుతది.